ఇద్దరి చిట్టీ

ఆ ఇంట్లో పొద్దున్నే మేడ ఎక్కడానికి ఒక వరస ఉండేది. మొదట దశరథ ఎక్కేవాడు, చేతిలో జొన్నల డబ్బా, భుజాన ఎర్ర తువ్వాలతో. గూళ్ల తలుపులు తీసి, తువ్వాల విసిరి పావురాలను లేపేవాడు. అవి సందు మీద రెండు చుట్లు తిరిగి, మెట్రో లైను దాటి, చైతన్యపురి వైపు పైపైకి పోయి చుక్కలంత అయ్యాక అప్పుడు ఈల వేసేవాడు. ఆ ఈల వినపడ్డాకే యాదలక్ష్మి స్టవ్వు మీద చాయ దించి, రెండు గ్లాసులు పట్టుకుని మెట్లెక్కాలి. తొందరపడి ముందే ఎక్కిందా, ఆ పూటంతా సణుగుడే.

"నీ చీరె కొంగు ఎగిరితె చాలు, నా జోడ్లు బెదిరి ఏ కరెంటు తీగల మీదనో కూసుంటయి" అనేవాడు.

ఆయన చేతిలో ఒక గ్లాసు పెట్టి, రెండోది తీసుకుని ఆమె మేడకు అవతలి పక్కకు పోయేది. అక్కడ ఆమె అడీనియం కుండీలు. ఏనుగు పాదంలా ఉబ్బిన మొదలు, దాని మీద పొట్టి కొమ్మలు, కొమ్మల కొసన పూలు. ఒక్కొక్క కుండీని ఎండ వైపు తిప్పుకుంటూ చాయ తాగేది. మధ్యలో నీళ్ల ట్యాంకు. ట్యాంకుకు ఇవతల ఆయన రాజ్యం, అవతల ఆమె రాజ్యం.

ఇప్పుడు ఈల లేదు. మాఘమాసం వెళ్లిపోయే రోజుల్లో దశరథ కొత్తపేటలోని తన షాపులో కాలిపోయిన బోరు మోటారుకు తీగ చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదన్నారు. ఇప్పుడు యాదలక్ష్మి ఒక్కతే మేడ ఎక్కుతుంది. పావురాలను వదిలేదీ ఆమే, గూళ్ల కింద పెంట గీకి ఎత్తేదీ ఆమే. అందరికంటే ముందు లేచి, వాకిలి ఊడ్చి, గిన్నెలు తోమి, బట్టలు నానబెట్టి, కొడుకు మహేందర్‌కూ కోడలు సుజనకూ టిఫిన్ డబ్బాలు కట్టి, వాళ్లు కళ్లు నులుముకుంటూ లేచేసరికి ఇంట్లో చేయడానికి ఒక్క పనీ మిగలకుండా చేస్తుంది. పని ఆగితే కూర్చోవాలి. కూర్చుంటే ఆయన గుర్తొస్తాడు. అందుకని ఆమె కూర్చోదు.

దశరథది చౌటుప్పల్ అవతల ఒక చిన్న ఊరు. మీసం రాకముందే పట్నం వచ్చి, మలక్‌పేటలో ఒక ఉస్తాద్ దగ్గర మోటారు వైండింగ్ నేర్చుకున్నాడు. ఆ ఉస్తాద్‌కు పావురాల పిచ్చి. పనితోపాటు ఆ పిచ్చీ శిష్యుడికి అంటింది. దశరథ పెంచినవి గిరేబాజులు, అంటే పైకి లేస్తే పూటలు పూటలు దిగకుండా తిరిగే రకం. ఎవరి పావురం ఎక్కువ సేపు గాలిలో ఉంటే వాళ్లది గెలుపు. ఎండాకాలంలో పందేలు. ఆ పందేలకు తయారు చేయాలంటే జొన్నలు, సజ్జలు చాలవు. బాదం పప్పు నానబెట్టాలి, కుంకుమ పువ్వు కలిపిన పాలలో నూరాలి, ముద్దలు చేసి నోట్లో పెట్టాలి. మంచి జోడు కొనాలంటే ఎన్నో మోటార్లు చుట్టాలి.

యాదలక్ష్మి మొక్కల పిచ్చి మాత్రం కోపంలో పుట్టింది. మహేందర్ చిన్నప్పుడు బడి బూట్లకని దాచిన డబ్బుతో దశరథ ఒక పావురాల జోడు తెచ్చాడు. పిల్లవాడు చినిగిన బూట్లతోనే బడికి పోయాడు. ఆ రోజు ఆమె అన్నం వండలేదు, మాట్లాడలేదు. ఇంట్లో మిగిలిన డబ్బు కొంగున కట్టుకుని, ఆటో ఎక్కి వనస్థలిపురం పోయే దారిలో ఉన్న నర్సరీకి పోయింది.

"మీ తాన అన్నిటికన్న ఎక్కువ రేటు మొక్క ఏది?" అని అడిగింది.

నర్సరీ సాంబమూర్తిది గోదావరి పక్క. ఇలాంటి బేరం ఆయన ఎన్నడూ వినలేదు. "ఏం మొక్క కావాలో చెప్పకుండా రేటు అడుగుతారేంటండీ?" అని నవ్వి, ఒక అడీనియం చూపించాడు. పేరు కూడా సరిగా వినకుండా కొని, ఇంటికి తెచ్చి, మొగుడు చూసేలా గుమ్మంలో పెట్టింది. అన్ని మొక్కలకు పోసినట్టు దానికీ రోజూ చెంబెడు నీళ్లు పోసింది. నెల తిరగకుండానే మొదలు మెత్తబడి, కుళ్లి, పక్కకు వాలిపోయింది. కోపంతో తెచ్చిన మొక్క చస్తే చావనీ అనుకోవాలి. కానీ ఆమె దాని పక్కన కూర్చుని ఏడ్చింది. మళ్లీ నర్సరీకి పోయింది. ఇది ఎడారి మొక్క అనీ, దీనికి ఎండే అన్నమనీ, మట్టి ఆరిందాకా నీళ్లు చూపించకూడదనీ సాంబమూర్తి ఓపికగా చెప్పాడు. ఇక అక్కడినుంచి ఆమె ఆగలేదు. ఒక మొదలుకు రెండు మూడు రంగుల కొమ్మలు అంటు కట్టడం నేర్చింది. కొత్త రంగు వచ్చిందని తెలిస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఇంకేముంది, ఇద్దరి పిచ్చీ ఒక్క జేబు మీద పడింది. గ్యాస్ బండ వచ్చిన రోజున డబ్బు ఉండేది కాదు. "నీ కబూతర్లు తిన్నయి" అని ఆమె, "నీ కుండీలు మింగినయి" అని ఆయన. "నా పావురాల పెంట ఎయ్యకపోతె నీ పూలు పూస్తయా?" అని కూడా దెప్పేవాడు. "నీ పావురాలు నా చిగుర్లు కొరకకపోతె ఇంకా పూస్తయి" అనేది ఆమె.

సందులో ఆడవాళ్లందరూ కలిసి చిట్టీ వేసుకునేవాళ్లు. నెల నెలా డబ్బు వేయడం, అవసరం ఉన్నవాళ్లు పాట పాడి ఎత్తుకోవడం యాదలక్ష్మికి బాగా తెలుసు. ఒకనాడు అన్నం పెడుతూ మొగుడితో అంది:

"ఇట్ల కాదు గని, మనిద్దరం ఒక చిట్టీ ఏసుకుందాం."

"ఇద్దరితోని చిట్టీ ఏందే? ఎవ్వలన్న ఇంటె నవ్వుతరు."

"నవ్వనీ. నెల నెలా నీ వాటా నువ్వెయ్యి, నా వాటా నేనేస్త. ఇంటి ఖర్చు ముట్టేది లేదు. పాట పాడి ఎవ్వలు ఎత్తుకుంటె ఆ నెల వాళ్లది."

"పాటల పైసలు తగ్గించుకుంటె, ఆ తగ్గింది నీకే వస్తది గద? ఒక జేబుల నుంచి ఇంకో జేబుల ఏసుకునుడే."

"పైసలతోని కాదు. పనితోని పాడాలె" అంది యాదలక్ష్మి.

అట్లా మొదలైంది. పావురాలకు కావాలంటే దశరథ ఇంటి పని పాడాలి. మొక్కలకు కావాలంటే ఆమె ఆయన పని పాడాలి. మొదటి నెల ఆయన మీసం దువ్వుకుని "ఒక రోజు బోళ్లు తోముత" అన్నాడు. ఆమె "వారం నీ షాపుల కూసుని పాత తీగ ఊడదీస్త" అంది. ఆయన ముఖం చిన్నబోయింది. అంతకుముందు తాగిన గ్లాసు కూడా తీసి పక్కన పెట్టని మనిషి, ఆ నెల ఒక మంచి జోడు కోసం పదిహేను రోజుల అంట్ల పని పాడి చిట్టీ ఎత్తుకున్నాడు.

ఇంకో నెల దశరథ మేడ మీద పెళ్లాం చీరలు పిండి ఆరేస్తుంటే చంపాపేట్ నుంచి వచ్చిన నగేశ్ చూశాడు. అతనూ పావురాల మనిషే, దశరథను అన్నా అని పిలిచేవాడు.

"అన్నా, గిదేంది? వదినె చీరెలు నువ్వు పిండుతున్నవ్?"

"చిట్టీ ఎత్తుకున్న గదరా. ఊకెనే రావు జోడ్లు."

"నలుగుట్ల చెప్తె ఇజ్జత్ పోతదన్నా."

"నీకు తువ్వాల ఇసిరితె పావురాలు ఎగురుతయి, నాకేమో పెండ్లాం చీరెలు పిండితె ఎగురుతయి. గంతే ఫరక్" అన్నాడు దశరథ. ఆ మాట సందంతా చెప్పుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఆ పాటల్లోనే దశరథ పప్పు వండడం నేర్చాడు. ఆమె రాగి తీగ మందం వేలితో తడిమి చెప్పడం నేర్చింది. ఒకే ఒక్కసారి ఈ చిట్టీలో నిజమైన తగాదా వచ్చింది. ఒక డేగ ఆయన ప్రాణంలా చూసుకునే నల్లకన్ను పావురాన్ని గాలిలోనే తన్నుకుపోయింది. ఆయన రెండు రోజులు సరిగా తినలేదు. ఆ నెల పాటకు కూర్చున్నప్పుడు ఆయన "నాలుగు రోజుల బోళ్లు" అనగానే యాదలక్ష్మి నోరు మూసుకుంది. డబ్బు ఆయన ముందుకు జరిపింది. ఆయన కాసేపు ఆ డబ్బును చూసి, వెనక్కి తోసేశాడు.

"జాలి పడి ఇస్తున్నవా?"

"తీస్కోరాదయ్యా. నాకు ఈ నెల అక్కర లేదు."

"నీకు అక్కర లేదా? మొన్ననే నల్ల ఎరుపు రంగు అంటు ఒచ్చిందని ముచ్చట జెప్తివి. నువ్వు కావాలని ఓడిపోతె అది చిట్టీ కాదే, బిచ్చం. పాడాలె. పాడి, చాతగాకపోతె అప్పుడు ఒదలాలె."

మళ్లీ మొదటినుంచి పాడుకున్నారు. ఆ నెల ఆమే గెలిచింది. డేగ కొట్టిన దుఃఖంలో కూడా ఆయన ఆమె కొత్త మొక్కకు తొట్టి మోసుకొచ్చాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఎవరికోసమూ కావాలని ఓడిపోలేదు.

ఫాల్గుణం వస్తే మాత్రం ఇల్లు దద్దరిల్లేది. పావురాలకు పందేల మేత మొదలుపెట్టే నెల అదే, అడీనియంలకు మట్టి మార్చి అంట్లు కట్టే నెలా అదే. ఇద్దరూ తగ్గేవాళ్లు కాదు. సుజన కొత్త కోడలిగా వచ్చిన ఏడు ఆ పాట చూసి, కళ్లెంబడి నీళ్లొచ్చేదాకా నవ్వింది. దశరథ ఆమెనే పాట పిలిచే మనిషిని చేశాడు. "బిడ్డా, నువ్వు చంపాపేట్ పిల్లవు, నీకు పక్షం లేదు. ఒకటోసారి, రెండోసారి అని నువ్వే పిలువు" అన్నాడు. ఆ రోజునుంచి ప్రతి నెలా సుజన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో రిసెప్షన్ పని ముగించుకుని వచ్చి, చున్నీ నడుముకు కట్టి, వంటింటి గడపలో కూర్చుని పాట పిలిచేది. మేడ మీదికి పోవాలంటే మాత్రం ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునేది. పావురాల పెంట వాసన ఆమెకు గిట్టదు.

దశరథ పోయిన మూడో రోజున పిట్టకు పెట్టారు. ఇంటి ముందు జాగా లేక, విస్తరి మేడ మీద గోడ అంచున పెట్టి అందరూ మెట్ల దగ్గర నిలబడ్డారు. కాకి రాలేదు. ఎండ ముదిరింది. ఈ గొడవలో పావురాలకు ఎవరూ సరిగా మేత వేయలేదని గుర్తొచ్చి మహేందర్ గూళ్లు తీశాడు. అవి ఎగరలేదు. నేరుగా పోయి విస్తరి మీద వాలి అన్నం ఏరుకుని తిన్నాయి.

"అయ్యో! పావురం ముడితె లెక్కకొస్తదా? కాకి గద ముట్టాలె" అని దశరథ అక్క పెంటమ్మ గుండె బాదుకుంది.

ఊరినుంచి వచ్చిన పెద్దమనిషి జంగయ్య ఆకాశం వైపు ఒకసారి చూసి, "ఊకో పెంటమ్మా. వాని పానమంత గాటి మీదనే ఉండె. కాకి ఎవ్వలు? గివి వాని సొంత మనుషులు. ముట్టింది పో, స్నానాలు చేయుండ్రి" అన్నాడు. ఆ మాటతో అందరూ ఒప్పుకున్నారు.

పెంటమ్మ మంచి మనిషి. మరదలు గది దాటి రాకూడని ఆ రోజుల్లో, పాపం దాని మొక్కలు ఎండిపోతాయని రోజూ పొద్దునా సాయంత్రం బకెట్లతో నీళ్లు పోసింది. పదకొండో రోజు దాటి యాదలక్ష్మి మేడ ఎక్కేసరికి సగం మొక్కల మొదళ్లు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. ఆమె పెంటమ్మను ఒక్క మాట అనలేదు. కుళ్లిన వాటిని పీకి, ఒక మూటగా కట్టి, చెత్త బండి వచ్చినప్పుడు తనే కిందికి తీసుకుపోయింది. మిగిలిన వాటికి మట్టి మార్చాలి, బాగున్న కొమ్మలు కోసి కొత్త మొదళ్లకు అంటు కట్టాలి. ఆలస్యమైతే అవీ పోతాయి.

ఇంతలో ఫాల్గుణం వచ్చింది.

మహేందర్ ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో చేస్తాడు, లెక్క తెలిసిన పిల్లవాడు. ఒక సాయంత్రం తల్లి దగ్గర కూర్చుని నిమ్మళంగా చెప్పాడు.

"అమ్మా, రెండూ నువ్వొక్కదానివి ఎట్ల చూస్తవ్? నీకు మోకాళ్లు నొస్తున్నయి. పక్కింటోళ్లు వాసన అంటున్నరు. పావురాలను నగేశ్ బాబాయికి ఇద్దాం. ఆయన మంచిగ చూసుకుంటడు. నీ మొక్కలు నువ్వు పెంచుకో. ఒచ్చే పైసల్ల ఒక్కదానికే సరిపోతది."

యాదలక్ష్మి చేతిలో చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది.

"నాకు వాటి మీద కోపం లేదమ్మా" అన్నాడు మళ్లీ. ఒక కాయ తనూ తీసి తుంచుతూ, "కొంచెం ఉన్నది. చిన్నప్పుడు బూట్ల నుంచి నా వేలు బయటికి కనపడుతుంటె అందరు నవ్వెటోళ్లు. అదే నెల కబూతర్లు బాదాంలు తిన్నయి. నాయినను ఏం అనలేదు నేను. గిప్పుడు గూడ అంటలేను. కాని ఇగ చాలు" అన్నాడు.

వాడన్నదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. నగేశ్ ఐతారం పొద్దున గంపలు తెచ్చి పట్టుకుపోతానన్నాడు. ఆమె కూడా సరేనంది. శుక్రవారం సాంబమూర్తి ఫోన్ చేశాడు.

"లక్ష్మి గారూ, మీరు అడిగిన మొదళ్లు కడియం నుంచి వచ్చిన లారీలో దిగాయండీ. గట్టివి ఏరి పక్కన పెట్టాను. రేపు ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి, మీరు తీసుకుంటారా మరి?"

"తీస్కుంట సార్. రేపు చెప్త."

శనివారం మధ్యాహ్నం ఆమె వంటింట్లో నేల మీద కూర్చుని, చిట్టీ డబ్బు పెట్టుకునే స్టీలు డబ్బా ముందు పెట్టుకుంది. ఆమె వాటా ఉంది. ఆయన వాటా కూడా ఉంది. షాపును ఆయన దగ్గర పని నేర్చినవాడే నడుపుతున్నాడు, కిరాయి తెచ్చి ఇస్తే అందులోనుంచి ఆయన వాటా ఎప్పటిలాగే తీసి డబ్బాలో వేసింది. వేసేటప్పుడు ఏమీ అనిపించలేదు. తీసుకోవాలంటే చెయ్యి రావడం లేదు.

సుజన సెంటర్‌లో సగం పూట పని చూసుకుని వచ్చి, అత్తను అట్లా చూసి గడపలోనే ఆగింది.

"ఏందత్తమ్మా, డబ్బా ముందటేసుకుని కూసున్నవ్?"

"ఏం లేదు బిడ్డా. సాంబమూర్తి సారుకు పైసలు పంపాలె."

"మరి పంపు. నాకియ్యి, ఫోన్ల నుంచి పంపుత."

"ఎట్ల పంపుత? పాట కాలే గద."

సుజనకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోయింది. యాదలక్ష్మి డబ్బా మూత వైపే చూస్తూ, "ఎదురు పాడెటోళ్లు లేకుండ ఎత్తుకుంటె అది బిచ్చమని ఆయన అన్నడు. నువ్విన్లే, అప్పటికి నువ్వు రాలే ఈ ఇంటికి" అంది.

సుజన చెప్పులు విడిచి, చున్నీ నడుముకు కట్టి, అత్తకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మామ దిక్కు నేను పాడుత."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"పిచ్చి ఏమున్నది? చిట్టీల మనిషి రాకపోతె ఇంటోళ్లు ఒచ్చి పాడరా? మా అమ్మకు చాతగాకపోతె ఆమె చిట్టీ నేనే పోయి పాడి ఎత్తుకొచ్చేదాన్ని. రూల్ల ఉన్నదే."

"పావురాల వాసనకే నీకు కడుపుల తిప్పుతది. నువ్వు వాటి కోసం పాడుతవా?"

"నేను పాడుతలేను. మామ పాడుతుండు. ఓ మహీ! జర ఇటు రా, పాట పిలువు!"

లోపలి గదిలో టీవీ చూస్తున్న మహేందర్ వచ్చి, విషయం విని తల పట్టుకున్నాడు. "రేపు నగేశ్ బాబాయి ఒస్తుంటె గిదేం పరాష్కం?" అన్నాడు. అయినా ఇద్దరూ అట్లా ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఏమీ చేయలేక గడపలో కూర్చున్నాడు.

"పైసలు మొక్కలకు పోతె కబూతర్లు పోతయి. కబూతర్లకు పోతె మొక్కలు పోతయి. అమ్మా, గిది ఆట కాదు" అన్నాడు.

"ఆట కాదని నాకెర్క" అంది యాదలక్ష్మి. ఆమె వెన్ను నిటారుగా అయింది. ఆ మిగిలిన మొక్కలు ఆమెకు కావాలి. సాంబమూర్తి ఏరి పెట్టిన మొదళ్లు కళ్లముందే ఉన్నాయి. కావాలని ఓడిపోయేది లేదు.

"వారం బోళ్లు తోముత" అంది సుజన.

"నెల తోముత" అంది యాదలక్ష్మి వెంటనే.

"ఆగత్తమ్మా. ఇప్పుడు బోళ్లు తోమేదెవ్వలు?"

"నేనే."

"రోజు తోమేదే తోముతనంటె పాట ఎట్లయితది? అది చెల్లది. ఏం మహీ?"

మహేందర్ ఒప్పుకోక తప్పలేదు. "చెల్లదమ్మా."

"అయితె బట్టలు."

"అవి సుత నువ్వే."

"మీ టిఫిన్ డబ్బాలు కడుత."

"పొద్దున కట్టినవ్. నిన్న కట్టినవ్."

"ఇస్త్రీ" అంది యాదలక్ష్మి, గొంతు కాస్త తగ్గింది.

"మొన్న నా చున్నీలు గూడ ఇస్త్రీ చేసి మడత పెట్టినవ్. నేను అడగనే లేదు."

"ఐతారం ఐతారం వంట నేనే చేస్త, నువ్వు మీ అమ్మోళ్లింటికి పోయి రా."

"ఐతారం వంట గూడ నువ్వే చేస్తున్నవ్. నేనెట్లయినా పోయి వస్తున్న" అని సుజన మెత్తగా అంది. "నీ తాన పాడెటందుకు ఏం మిగిలిందత్తమ్మా? అన్నీ ముందే చేసేస్తివి."

యాదలక్ష్మి వంటింటి చుట్టూ చూసింది. తోమి బోర్లించిన గిన్నెలు, తుడిచిన గట్టు, మడత పెట్టిన గుడ్డలు. ఇన్ని రోజులుగా తను ఎవరికో మేలు చేస్తున్నాననే అనుకుంది. ఆయన ఉన్నప్పుడు ఇల్లంతా ఈ పని నీదా నాదా అని అరుపులు. ఆ అరుపుల్లో ఇద్దరికీ వాటా ఉండేది. ఇప్పుడు ఎవరికీ ఏ వాటా లేకుండా అన్నీ తనే లాక్కుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. సబ్బుకు వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి.

"మామ ఆఖరి పాట" అంది సుజన. ఒకసారి ముక్కు తుడుచుకుని, గట్టిగా చెప్పింది. "గూళ్ల కింద పెంట ఎత్తి, మేడ కడుగుడు. వానలు పడేదాక రోజూ. నేను."

"నువ్వా?" అన్నాడు మహేందర్.

"నేనే. నువ్వు పాట పిలువు, ముచ్చట పెట్టకు."

మహేందర్ "ఒకటోసారి" అన్నాడు. తల్లి ముఖంలోకి చూశాడు. "రెండోసారి" అని ఆగాడు. ఈ పాట ఇక్కడ ఆగిపోతే పావురాలు పోవు. వాడికేమో అవి పోవాలని ఉంది. "అమ్మా, ఇంకేమన్న పాడుతవా? జర ఆలోచన చెయ్యి. ఏదో ఒకటి ఉంటది" అన్నాడు, బతిమాలుతున్నట్టు.

ఆమె నిజంగానే ఆలోచించింది. దాచుకున్నది ఒక్కటైనా ఉందేమోనని ఇంటి మూలమూలా మనసులో వెతికింది. షాపు పని కూడా ఇప్పుడు ఆ నేర్చినవాడిదే. ఏదీ దొరకలేదు. తల అడ్డంగా ఊపింది.

"మూడోసారి" అన్నాడు మహేందర్. డబ్బా తీసి సుజన ముందు పెట్టబోయి, ఎవరి ముందు పెట్టాలో తెలియక, ఇద్దరి మధ్యన పెట్టాడు. "ఈ నెల చిట్టీ నాయినది."

యాదలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుని, "సరిగ్గనే పాడిండు" అంది.

సాంబమూర్తికి తనే ఫోన్ చేసి చెప్పింది. "సార్, ఈసారి పాట పోయింది. వేరేటోళ్లకు ఇయ్యుండ్రి."

ఆయనకు వీళ్ల చిట్టీ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ఎవరితో పోయిందని అడగబోయి ఆగినట్టున్నాడు. "సర్లెండమ్మా. ఉన్న కొమ్మలు కోసి ఇసుకలో గుచ్చుకోండి, అన్నీ బతక్కపోయినా కొన్ని బతుకుతాయి. వచ్చే నెల పాటకు గట్టిగా కూర్చోండి" అన్నాడు.

ఐతారం పొద్దున్నే నగేశ్ రెండు గంపలు బండికి కట్టుకుని వచ్చాడు. మేడ మీదికి వచ్చి సంగతంతా విని గంపలు కింద పెట్టి కూలబడ్డాడు.

"మంచిగున్నది వదినా! నిన్న రాత్రి మా ఇంట్ల కొత్త గూళ్లు కొట్టిన. మేకు తగిలి బొటనవేలు వాసింది చూడు."

"చాయ తాగు, తగ్గుతది."

"చాయతోని ఏం తగ్గుతది? ఆ మచ్చల మగదాని మీద నాకు ఎన్నేండ్ల నుంచి కన్ను ఉన్నదో దశరథన్నకు ఎర్కె. అడిగినప్పుడల్ల, నీ కన్ను పడ్డదంటెనే అది మంచిదని అర్థమురా అనెటోడు." నగేశ్ పైకి చూశాడు. పావురాలు మెట్రో లైను మీదుగా లేస్తున్నాయి. ఆ మచ్చలది అన్నిటికంటే పైన ఉంది. చాలాసేపు అట్లాగే చూసి, "పందేలకు మేత ఎట్ల కలపాలో వారం పది రోజులు ఒచ్చి చూపిస్త. ఆ పిల్లకు చెప్పు, నన్ను చూసి ముక్కు మూసుకోవద్దని" అన్నాడు.

యాదలక్ష్మి నవ్వింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు కాబట్టి దానికి చప్పుడు లేదు.

ఎండ ట్యాంకు దాటి గూళ్ల మీద పడింది. గూళ్ల కింద రాత్రి పడిన పెంట తెల్లగా, బూడిదగా అట్టలు కట్టి ఉంది. వాసన లేస్తోంది. గీకే రేకు ముక్క, చీపురు, బకెట్ అన్నీ ట్యాంకుకు ఆనించి ఉన్నాయి. ఈ పాటికి రోజూ అదంతా కడిగేసి ఉండేది. ఆమె చెయ్యి చీపురు దాకా పోయింది. పట్టుకుంది కూడా. ఒక నిమిషం అట్లాగే నిలబడి, చీపురును మళ్లీ ట్యాంకుకు ఆనించి పెట్టింది.

"ఎండితె గట్టిపడతది వదినా. నేను ఎత్తాల్నా?" అన్నాడు నగేశ్.

"ఒద్దు ఒద్దు, ముట్టకు. అది సుజన పాడుకున్న పని."

"ఆ పిల్ల ఇంకా లేవనే లేదు గద!"

"లేస్తది. ఐతారం గద, పండనీ."

ఆమె చాయ గ్లాసు తీసుకుని అవతలి పక్కకు పోయింది. మిగిలిన అడీనియంల మధ్య పీట వేసుకుని కూర్చుని, ఏ కొమ్మలు కోయాలో ఒక్కొక్కటీ తడిమి చూడడం మొదలుపెట్టింది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పెంట వాసన వచ్చింది. రెండు మూడుసార్లు ఆమె తల అటు తిరిగింది కానీ, పీట మీద నుంచి మాత్రం లేవలేదు.